కట్టెల పొయ్యికి వేడిని తట్టుకునే రంగు: విశాఖపట్నంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇనుప కట్టెల పొయ్యి మీద అక్కడక్కడా రంగు లేచిపోయి తుప్పు కనబడుతున్నప్పుడు, కొత్తది కొనకుండా ఉన్నదాన్నే ఇంట్లో బాగుచేసుకోదలచినవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాను. మట్టి పొయ్యి, ఇటుకల పొయ్యి ఇందులోకి రావు. వాటికి అలుకుడు చాలు. ఇనుప రేకుతో వెల్డింగు చేసినవి, పోత ఇనుముతో చేసినవి, పొగగొట్టం ఉన్నవి, లేనివి, అన్నిటికీ ఇందులోని మాటలు వర్తిస్తాయి. వేడి అంకెలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఇచ్చాను.

ప్రశ్న: మా పొయ్యిని ఏడాదికి పది రోజులు కూడా వెలిగించం. అయినా రంగు ఎందుకు ఊడిపోతోంది?

వెలిగించకపోవడమే చాలావరకు కారణం. రోజూ మండే పొయ్యి మీద చేరిన తడి రోజూ ఆరిపోతుంది. పెరట్లోనో డాబా మీదో ఖాళీగా నిలబడిన పొయ్యి మీద మాత్రం సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు సన్నగా పేరుకుంటూ పోతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే నీరుగారడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం తేమ చాలు. విశాఖలో గాలి ఎంత తడిగా ఉంటుందో ఉక్కపోత ఎరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే కాబట్టి, పైకి పొడిగా కనబడే పొయ్యి మీద కూడా కంటికి ఆనని ఉప్పునీటి పొర ఎప్పుడూ ఉంటుందని అనుకోవడం మంచిది.

రంగులో సూదిమొనంత రంధ్రం ఉన్నా ఆ నీరు ఇనుమును చేరుతుంది. తుప్పు అది పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, అడుగు నుంచి రంగును పైకి ఎత్తి, ముందు పొక్కుగానూ తరువాత పెచ్చుగానూ లేపుతుంది. పెచ్చును గోటితో లేపి వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు ఎర్రగా, పొడిపొడిగా ఉంటే తుప్పు పని. నల్లగా, శుభ్రంగా ఉంటే రంగు పట్టకపోవడమో మాడిపోవడమో జరిగిందన్నమాట. లాసన్స్ బే నుంచి భీమిలి దాకా తీరం వెంట ఉన్న ఇళ్ళలో నేను చూసిన పెచ్చులలో ఎక్కువ ఎర్రవే. మన ఊళ్ళో పొయ్యి రంగును నిప్పు కంటే ఉప్పే ఎక్కువగా తింటుందన్నది నా అభిప్రాయం. కింద చెప్పబోయేదంతా ఆ అభిప్రాయం చుట్టూనే తిరుగుతుంది.

ప్రశ్న: కిటికీ ఊచలకు వేసిన నల్ల ఎనామెల్ మిగిలి ఉంది. అదే వేస్తే ఏమవుతుంది?

ఆ పని నేను చేసి చూశాను. సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని, పండుగకు నాలుగు రోజుల ముందు ఒక దుకాణంలో "వేడికి ఆగుతుందా" అని అడిగితే "ఎందుకాగదు" అని ఇచ్చిన నల్ల ఎనామెల్‌ను మా పొయ్యికి రెండు పూతలు వేశాను. చూడటానికి అద్దంలా ఉంది. భోగి నాడు తెల్లవారుజామున నీళ్ళు కాచడానికి వెలిగించిన పావుగంటకు రంగు మెత్తబడి జారింది, ఆపైన పొక్కులు లేచింది, చివరికి కాలిన అప్పడంలా ముడుచుకుని నేల మీద రాలింది. ఆ పొగ వాసన మాత్రం కనుమ దాకా ఇంట్లోనే ఉంది.

ఎనామెల్‌లో బంధకంగా, అంటే రంగుపొడిని పట్టి ఉంచే జిగురుగా ఉండేది నూనెల నుంచి తయారయ్యే ఆల్కిడ్ రెసిన్. అది సుమారు 100 డిగ్రీలు దాటాక మెత్తబడటం, రంగు మారడం మొదలై, ఇంకా వేడెక్కితే మాడి బొగ్గవుతుంది. మండుతున్న పొయ్యి పక్క రేకులు 200 నుంచి 300 డిగ్రీల దాకా సులభంగా చేరతాయి, పొగగొట్టం మొదలు అంతకంటే ఎక్కువ. అందువల్ల ఎనామెల్ ఎంత ఖరీదైనదైనా ఈ పనికి రాదు.

ప్రశ్న: వేడిని తట్టుకునే రంగులో ప్రత్యేకంగా ఏముంటుంది?

సిలికోన్ రెసిన్ ఉంటుంది. దాని వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా అల్లుకున్నది. ఇసుకలోనూ గాజులోనూ ఉన్న బంధం అదే. డబ్బాలోంచి వచ్చినప్పుడు ఆ గొలుసుకు కర్బన భాగాలు కూడా అంటుకుని ఉంటాయి. పొయ్యి బాగా వేడెక్కినప్పుడు ఆ భాగాలు కాలిపోయి, మిగిలిన సిలికా అల్లిక రంగుపొడిని ఇనుముకు పట్టి ఉంచుతుంది. అంటే ఈ రంగు ఆరడం ఒక దశ, కాలి గట్టిపడటం వేరే దశ. కుండను ఎండబెట్టడానికీ ఆవంలో కాల్చడానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. ఎండిన పచ్చికుండలో నీళ్ళు పోస్తే ఏమవుతుందో, కాల్చని పొయ్యి రంగు మీద చెంబు రాపిడి తగిలినా అదే అవుతుంది.

ప్రశ్న: దుకాణంలో ఏమని అడగాలి?

"కట్టెల పొయ్యి రంగు" అంటే మన దుకాణాలలో చాలామందికి తెలియదు. "హీట్ రెసిస్టెంట్ పెయింట్, 600 డిగ్రీలది" అని అడగండి. ఓడల ఇంజన్ల ఎగ్జాస్టు గొట్టాలకూ, కర్మాగారాల కొలుముల చిమ్నీలకూ వాడే రంగు ఇదే జాతిది. ఓడరేవు, ఓడల కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి పారిశ్రామిక రంగులు అమ్మేచోట ఈ మాట వెంటనే అర్థమవుతుంది. అక్కడ సాధారణంగా లీటరు డబ్బాలే ఉంటాయి. మీకు కావలసింది అరచేయంత మచ్చకైతే, మోటారు సైకిల్ విడిభాగాల దుకాణంలో సైలెన్సర్‌కు కొట్టే మ్యాట్ బ్లాక్ స్ప్రే డబ్బా తీసుకోవచ్చు.

రెండిటిలోనూ డబ్బా మీద అంకె చదవకుండా కొనవద్దు. "హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం" పేరుతో 200 లేదా 250 డిగ్రీల వరకే ఆగే రకం కూడా ఉంది, 600 వరకు ఆగేదీ ఉంది. రెండూ వెండిలాగే మెరుస్తాయి. గేట్లకు వేసే మామూలు సిల్వర్ పెయింట్ ఈ రెండిటిలో దేనికీ సమానం కాదు. ఇంకొక సంగతి: స్ప్రే డబ్బా మీది అంకె కొన్నిసార్లు ఫారన్‌హీట్‌లో ఉంటుంది. 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటే అది సుమారు 650 సెల్సియస్ డిగ్రీలు మాత్రమే.

ప్రశ్న: ఆ 600 డిగ్రీలు మా పొయ్యికి చాలుతాయా?

బయటివైపుకు చాలుతాయి. ఇనుము చీకట్లో కళ్ళకు కనీకనబడనంత ఎర్రబారడం 525 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. రాత్రి దీపాలు ఆర్పి చూసినప్పుడు పొయ్యి పక్కగానీ గొట్టం మొదలుగానీ ఎర్రగా కనబడితే రంగు తన హద్దుకు చేరువలో ఉన్నట్టే; అలా రోజూ మండించే పొయ్యికి ఏ రంగూ నిలవదు, రేకు కూడా ఎక్కువ కాలం నిలవదు.

ప్రశ్న: మచ్చ ఉన్నంత మేరే వేయాలా, పొయ్యి అంతా వేయాలా?

పాత రంగు మిగతాచోట గట్టిగా ఉంటే మచ్చకు వేస్తే చాలు. గట్టిగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి, మచ్చ అంచున అంటుడు టేపు అతికించి ఒక్కసారిగా లాగండి. టేపుకు రంగు వచ్చినంత మేరా అది పనికిరానిదే. అయితే అతుకు కనబడకుండా ఉండాలంటే మచ్చ దగ్గరే ఆపకుండా ఆ పలక అంచు దాకా, అంటే మూల దాకానో తలుపు చట్రం దాకానో పల్చగా వేసుకుపోవడం మంచిది. ఒక పలక మొత్తం ఒక తీరున ఉంటే పక్క పలకతో వచ్చే కొద్దిపాటి తేడాను కన్ను పట్టించుకోదు. పాత రంగు ఏ రకమో తెలియనప్పుడు, లేదా కింద ఎనామెల్ ఉందని అనుమానం ఉన్నప్పుడు మాత్రం మొత్తం గీకి ఇనుము తేల్చడం తప్ప దారి లేదు.

ప్రశ్న: శుభ్రం చేయడం ఎలా? తీగల బ్రష్‌తో రుద్దితే సరిపోదా?

సరిపోదు, మన ఊళ్ళో అసలే సరిపోదు. ఈ ప్రశ్నకు జవాబు కాస్త పెద్దది, ఎందుకంటే పనిలో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది.

నేను రెండోసారి 600 డిగ్రీల రంగే తెచ్చి, తీగల బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది వేసినా, వర్షాకాలం దాటేసరికి అవే చోట్ల అవే పొక్కులు వచ్చాయి. గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగు చేసే పెద్దాయనకు చూపిస్తే, ఆయన పొక్కును గోటితో చిదిమి, వేలు నాలికకు ఆనించి, "ఉప్పుంది బాబూ. ముందు నీళ్ళెట్టి కడగాల. కడక్కుండా రుద్దితే ఉప్పుని లోపలికి తోసినట్టే అవుతాది" అన్నారు. ఆ తరువాత తెలిసింది, ఓడలకు రంగు వేసేవారు కూడా గీకే ముందు మంచినీళ్ళతో కడగడాన్ని ఒక నియమంగా పాటిస్తారని.

కాబట్టి క్రమం ఇది. పొయ్యి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు బూడిద తీసివేసి, ఊడిపోయే పెచ్చులను గీకుడు పలకతో తీసేయండి. తరువాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళతో నూనె జిడ్డు, పొగ జిడ్డు వదిలేలా తోమి, మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడగండి. బోరునీళ్ళు ఉప్పగా ఉండే వీధుల్లో కుళాయి నీళ్ళే వాడాలి. ఉప్పునీళ్ళతో ఉప్పును కడగలేం కదా. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, నాలుగు పుల్లలు వేసి చిన్న మంట పెట్టండి. ఆ కొద్దిపాటి వేడికి కీళ్ళలో, వెల్డింగు అతుకుల్లో దాగిన తడి కూడా ఆవిరైపోతుంది. మంట ఆరి, చేయి పెట్టగలిగేంత చల్లారాక అసలు రుద్దుడు మొదలవుతుంది.

గుంటలు పడిన తుప్పుకు తీగల బ్రష్, ఆపైన 80 నంబరు ఉప్పుకాగితం (శాండ్‌పేపరు), చివర 120 లేదా 150 నంబరుది వాడాలి. పాత రంగుకూ ఇనుముకూ మధ్య ఉన్న మెట్టు వేలికి తగలకుండా అంచును ఏటవాలుగా అరగదీయండి. కళ్ళు మూసుకుని వేలు నడిపితే కంటికి తెలియని మెట్టు తెలుస్తుంది. మరీ నునుపు చేయవద్దు. అద్దంలా నునుపైన ఇనుముకు రంగు పట్టు దొరకదు, గరుకు కొంత ఉండాలి. చివరిగా థిన్నర్‌తో తడిపిన, పోగులు రాలని తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ నల్లబడుతున్నంతసేపూ గుడ్డ మారుస్తూ తుడుస్తూనే ఉండాలి. ఆ తరువాత ఉత్త చేతితో తాకకూడదు. చెమట పట్టిన వేళ్ళ ముద్రలు కూడా ఉప్పే, మర్నాటికి అవే ఆకారంలో తుప్పు తేలడం నేను చూశాను.

రుద్దిన ఇనుమును రేపటికి అట్టిపెట్టవద్దు. పొద్దున తళతళలాడిన చోటు సాయంత్రానికి లేత పసుపు ఛాయకు తిరుగుతుంది. ఆ ఛాయ కనబడితే మళ్ళీ ఒకసారి ఉప్పుకాగితం ఆడించాల్సిందే.

ప్రశ్న: కింద రెడ్ ఆక్సైడ్ వేస్తే మంచిది కాదా? తుప్పును మార్చే ద్రావణాల సంగతేమిటి?

గేటుకైతే మంచిదే. పొయ్యికి వద్దు. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లోనూ బంధకం మామూలు రెసినే కాబట్టి, పైపూత 600 డిగ్రీలకు ఆగినా కింద పూత మాడి, పైదాన్ని వెంట తీసుకుని ఊడుతుంది. ఈ రంగును నేరుగా ఇనుము మీదే వేయాలి. తుప్పును నల్లగా మార్చే ద్రావణాలు కూడా ఈ వేడికి నిలవవు. ఉక్కు కట్టడాలకు వేసే జింక్ సిలికేట్ ప్రైమర్ ఒకటుంది, అది సుమారు 400 డిగ్రీల దాకా ఆగుతుంది. కానీ దానికి ఇసుక వంటి గుళికలను జోరుగా చిమ్మి శుభ్రం చేసిన ఉపరితలం కావాలి, ఇంటి పనికి అందేది కాదు.

ప్రశ్న: మాది తాతల నాటి పొయ్యి. గీకేటప్పుడు ప్రత్యేకంగా జాగ్రత్తలు ఉన్నాయా?

రెండు ఉన్నాయి, రెండూ తేలిగ్గా తీసుకోదగ్గవి కావు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న నియమం 2016లో చేసి, 2017 నవంబరు నుంచి అమలులోకి తెచ్చారు. అంతకు ముందటి పూతలకు ఆ హామీ లేదు. కాబట్టి పాత రంగును పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా, నీళ్ళలో వాడగలిగే ఉప్పుకాగితంతో తడిపి రుద్దాలి. మామూలు గుడ్డ కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. కింద పరిచిన పాత పేపర్లను దుమ్ముతో సహా మడిచి పారేయాలి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు.

రెండోది, తలుపు చుట్టూ పొగ బయటకు రాకుండా బిగించిన తెల్లటి తాడు. పాత పొయ్యిలలో అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ళ తరువాత కూడా క్యాన్సర్ వంటి జబ్బులు తెస్తాయి. దాన్ని లాగడం, బ్రష్‌తో రుద్దడం చేయకుండా నీళ్ళతో బాగా తడిపి, ఎలా ఉన్నదాన్ని అలాగే టేపుతో కప్పి రంగు వేసుకోండి. మార్చాల్సి వస్తే తడిపిన తాడును ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి తీసేసి, గాజునార తాడు గానీ సిరామిక్ నార తాడు గానీ వేయించండి.

ప్రశ్న: విశాఖలో ఈ పనికి ఏ కాలం మంచిది?

సంక్రాంతి ముందూ వెనకా రెండు నెలలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. ఏప్రిల్, మే నెలల్లో వాన లేకపోయినా గాలిలో తేమ, చేతిలో చెమట ఎక్కువ. గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలనీ, గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత కంటే ఇనుము కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలనీ రంగు పనివారు పాటించే నియమం. పరికరం లేకపోతే, తడిగుడ్డతో రేకు మీద ఒక గీత గీసి చూడండి. ఆ తడి పది, పదిహేను నిమిషాల్లో ఆరిపోతే రంగు వేయవచ్చు. అలాగే ఉండిపోతే ఆ పూట మానుకోండి. డిసెంబరులో కూడా పొద్దున్నే మంచు పడుతుంది గనుక ఎనిమిది, తొమ్మిది దాటాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి జోరందుకునేలోగా చివరి పూత ముగించడం నా అలవాటు.

ప్రశ్న: స్ప్రే మంచిదా, బ్రష్ మంచిదా?

చిన్న మచ్చకు స్ప్రే. లీటరు డబ్బా తెచ్చుకుంటే బ్రష్. ఏదైనా పల్చగా వేయడమే కిటుకు. ఆరిన తరువాత ఒక్కో పూత 20 నుంచి 25 మైక్రాన్లకు మించకూడదు, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు. మందంగా వేస్తే లోపలి ద్రావకం పోవడానికి దారి లేక మొదటి మంటకే పొక్కులు లేస్తాయి. "ఇంకో చేయి వేస్తే గట్టిగా ఉంటుంది" అన్న మాట గోడలకు చెల్లుతుందేమో, ఇక్కడ మాత్రం చెల్లదు.

స్ప్రే డబ్బాను లోపలి గోళీ చప్పుడు వినబడటం మొదలయ్యాక ఇంకా రెండు నిమిషాలు ఊపండి. రంగుపొడి బరువైనది, అడుగున కూర్చుంటుంది. 25, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, మచ్చకు ఇవతలే నొక్కడం మొదలుపెట్టి అవతల దాకా చేయి ఆపకుండా నడపాలి. మొదటి పూతకు ఇనుము పూర్తిగా కప్పుకోకపోయినా కంగారు పడవద్దు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి రెండోది అడ్డంగా వేస్తే కప్పుకుంటుంది. డబ్బాలోంచి వచ్చే వాయువూ ద్రావకమూ రెండూ భగ్గున మండేవే. పక్క పొయ్యిలో నిప్పు, తులసికోట దగ్గర దీపం, ఎవరి చేతిలోనైనా సిగరెట్టు, ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. పొయ్యి వెచ్చగా ఉంటే త్వరగా ఆరుతుంది కదా అని వేడి ఇనుము మీద కొట్టడం మరీ ప్రమాదం.

ప్రశ్న: రంగు ఆరింది. ఇక వంట మొదలుపెట్టవచ్చా?

ఇంకా లేదు. డబ్బా మీద చెప్పినంత సేపు, ఏమీ చెప్పకపోతే ఒక రోజు, గాలికి ఆరనిచ్చి, తరువాత మెల్లగా కాల్చాలి. నేను మూడు మంటలుగా కాలుస్తాను. మొదటిది చిన్న పుల్లలతో, పొయ్యి ఒళ్ళు సుమారు 120 డిగ్రీలకు చేరి అరగంట అక్కడే ఉండేలా. పూర్తిగా చల్లారనిచ్చి, రెండోది 200 దాటేలా. మళ్ళీ చల్లారాక మూడోది మామూలుగా మండించే దానికంటే కొంచెం జోరుగా, 300 దరిదాపులకు. డబ్బా మీద వేరే క్రమం రాసి ఉంటే దాన్నే పాటించండి, తయారుచేసినవారికి తమ రెసిన్ సంగతి బాగా తెలుస్తుంది.

వేడి కొలవడానికి తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే హాయి. మ్యాట్ నలుపు మీద అది నమ్మదగిన అంకె చూపుతుంది, వెండిరంగు మీద ఉన్నదానికంటే బాగా తక్కువ చూపుతుంది. అది లేనివారికి దోసెల పెనం ఉంది. రంగు వేయని పైపలక మీద పెనం పెట్టి ఒక చుక్క నీరు వేయండి. చుక్క అక్కడే సుయ్యిమని మరిగి ఆరిపోతే వంద దాటింది. ముత్యంలా గుండ్రమై పెనమంతా పరుగులు తీస్తే రెండు వందల దగ్గరికి వచ్చింది. చుక్కను కొత్త రంగు మీద మాత్రం వేయవద్దు, మచ్చ పడుతుంది.

మొదటి రెండు మంటల వేడిలో రంగు ఒకసారి మళ్ళీ మెత్తబడుతుంది. ఇది చాలామందికి తెలియక, పాడైపోయిందనుకుని గుడ్డతో తుడిచి నిజంగానే పాడుచేస్తారు. ఆ సమయంలో దేనితోనూ తాకవద్దు, మీద గిన్నె పెట్టవద్దు.

ప్రశ్న: కాల్చేటప్పుడు పొగ, ఘాటు వాసన వస్తున్నాయి. ప్రమాదమా?

రావడం సహజం, పీల్చడం మంచిది కాదు. కదిలించగల పొయ్యిని ఆరుబయటే కాల్చండి. కదలని దానికి తలుపులు, కిటికీలు తీసి, వీలైతే ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టాలి. గర్భిణులు, పసిపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దలు ఆ రెండు మూడు గంటలు పక్కింట్లో కూర్చోవడం మేలు. పంజరంలో చిలకలు ఉంటే వాటిని తప్పకుండా దూరంగా పెట్టండి, పక్షుల ఊపిరితిత్తులు ఇలాంటి పొగలకు చాలా సున్నితం. మూడో మంట తరువాత వాసన ఆగిపోతుంది. ఆగలేదంటే ఎక్కడో మందంగా పడిందని అర్థం.

ప్రశ్న: మచ్చకు వేసిన రంగు మిగతా పొయ్యితో కలవలేదు. ఏం చేయాలి?

ఓపిక పట్టాలి. కాల్చక ముందు నల్లగా, కొంచెం మెరుపుగా ఉండి, కాలాక బూడిద ఛాయకు దిగుతుంది. నాలుగైదు మంటలు దాటాక కూడా తేడా ఉంటే, పలక మొత్తాన్ని నున్నటి ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది మరొక పల్చని పూత వేయండి.

ప్రశ్న: లోపల, ఊచల మీద, గిన్నె ఆనేచోట కూడా వేయవచ్చా?

వద్దు. లోపలి నిప్పు వేడి ఈ రంగు హద్దును దాటుతుంది, రెండు రోజులకే రాలిపోతుంది. గిన్నె ఆనేచోట రాపిడికి పోతుంది. పైగా ఇది తిండికి తగిలేచోట వాడే రంగు కాదు. పోత ఇనుము పైపలకకు దోసెల పెనాన్ని పదును పెట్టినట్టే సన్నగా నూనె రాసి కాల్చుకుంటే చాలు, ఎన్నేళ్ళయినా నల్లగా ఉంటుంది. రంగు వేసేటప్పుడు ఆ పలకనూ, అద్దం ఉంటే అద్దాన్నీ, గాలి వచ్చే రంధ్రాలనూ పేపరుతో కప్పుకోండి.

ప్రశ్న: మా పొగగొట్టం జీఐ రేకుతో చేసినది. దానికి?

జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. రేకు మీద పువ్వులు పరిచినట్టు కనబడే మచ్చలే దాని గుర్తు. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నునుపైన జింకు మీద ఈ రంగు సరిగా పట్టదు. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వంటిది వస్తుంది, వెల్డింగు చేసేవారికి ఇది బాగా అనుభవం. అందుకని పొయ్యికి ఆనుకుని ఉన్న మొదటి మీటరు గొట్టాన్ని జీఐతో కాకుండా మామూలు ఇనుప గొట్టంతో మార్పించి దానికి రంగు వేసుకోండి.

ప్రశ్న: నీళ్ళు కాచే రాగి బాయిలర్‌కు ఈ రంగు వేయవచ్చా?

అయ్యో, రాగికి రంగెందుకండీ! చింతపండు, ఉప్పు పెట్టి తోమి, బాగా కడిగి తుడిస్తే దానంత అందం ఏ డబ్బాలోనూ దొరకదు. కింద ఉండే ఇనుప కాళ్ళకూ, బూడిద పళ్ళెం బయటివైపుకూ కావాలంటే వేసుకోండి. చింతపండు రసం మాత్రం రంగు వేసిన ఇనుము మీదికి కారనివ్వవద్దు.

ప్రశ్న: కట్టెల రకాన్ని బట్టి రంగు మన్నికలో తేడా ఉంటుందా?

ఉంటుంది. మన తీరంలో ఎక్కువగా దొరికే సరుగుడు కట్టె, కొబ్బరిచిప్పలు చాలా వేడిగా మండుతాయి. చిప్పలు ఒక్కసారిగా గంపెడు వేస్తే చిన్న రేకు పొయ్యి ఎర్రబారడం ఖాయం. గుప్పెడు చొప్పున వేసుకోండి. తీరానికి కొట్టుకొచ్చిన దుంగలు, పాత పడవల చెక్క మాత్రం ఎంత చవకగా వచ్చినా వాడవద్దు. వాటిలో ఇంకిన ఉప్పు మంటలో క్లోరిన్ సమ్మేళనాలై ఇనుమును లోపలి నుంచి తింటుంది, పొగ కూడా విషపూరితం. పడవ చెక్కకైతే రంగులు, తారు కూడా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక, కరెంటు లేని ఆ రోజుల్లో వీధినిండా కూలిన చెట్లే కట్టెలయ్యాయి. అటక మీది పొయ్యి దించి పచ్చికొమ్మలే మండించాం. ఆ తడి పొగకు గొట్టంలో తారులా పేరుకున్న మసిని గీకడానికి తరువాత రెండు రోజులు పట్టింది.

ప్రశ్న: వర్షాకాలంలో పొయ్యిని ఎలా ఉంచాలి?

బూడిద ఒక్క చెంచాడు కూడా మిగలకుండా తీయండి. అది గాలిలోని తేమను పీల్చి ఇనుముకు తడిగుడ్డలా అంటుకుని ఉంటుంది. గొట్టం పైన మూత ఉండాలి, తలుపు మాత్రం వేలు పట్టేంత తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టడం అందరూ చేసే పొరపాటు, లోపల చెమటపట్టి ఆరదు. నెలకొకసారి మంచినీళ్ళలో పిండిన గుడ్డతో ఉప్పు తుడిచి, గుప్పెడు పుల్లలు వేసి వెలిగిస్తే ఆ పొయ్యికి మళ్ళీ రంగు అవసరం చాలా ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: అరకు, లంబసింగి వైపు ఇళ్ళలో వాడే పొయ్యిలకూ ఇవే జాగ్రత్తలా?

అక్కడ ఉప్పు లేదు కాబట్టి కడగడం ఒకసారి చాలు. మంచు మాత్రం మనకంటే ఎక్కువ. చలికాలంలో ఎండ బాగా ఎక్కాకే రంగు పట్టుకోవాలి.

ప్రశ్న: పండుగ నాడు పొయ్యికి పసుపు, కుంకుమ పెడతాం. కొత్త రంగు పాడవుతుందా?

కాల్చి గట్టిపడిన రంగుకు ఏమీ కాదు. తడి పసుపు ఆరకముందే మంట పెడితే అది మాడి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. నిప్పు తగలని తలుపు పిడి పక్కనో కాళ్ళ మీదో పెట్టుకుని, మర్నాడు తడిగుడ్డతో తుడిచేయండి. మూడు మంటలు పూర్తికాని పొయ్యికి మాత్రం బొట్టు పెట్టకండి, తుడిచేటప్పుడు రంగు వెంట వస్తుంది.

ప్రశ్న: మిగిలిన డబ్బాను ఏం చేయాలి?

స్ప్రే డబ్బాను తలకిందులుగా పట్టి, ఉత్త గాలి వచ్చేదాకా రెండు మూడు సెకన్లు నొక్కితే మూతి మూసుకుపోకుండా మళ్ళీ పనికొస్తుంది. పొయ్యికి దూరంగా, ఎండ పడని చోట ఉంచండి. ఖాళీ డబ్బాను పొయ్యిలో గానీ చెత్తమంటలో గానీ వేస్తే పేలుతుంది. తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలపకుండా, బల్బులు, బ్యాటరీల వంటి ప్రమాదకర చెత్తతో పాటు విడిగా కట్టి, చెత్త తీసుకెళ్ళేవారికి అది ఫలానా అని చెప్పి మరీ ఇవ్వండి.